మేయరు కాగితం ఏదిరా?

2021 మార్చి 10, విజయవాడ కార్పొరేషన్ ఎన్నికల రోజు. పొద్దున్నే ఎండ చురుక్కుమంటోంది. సత్యనారాయణపురంలో మా బూత్ ఉన్న స్కూలు ముందు సున్నంతో గుండ్రాలు గీసి, ఒక్కో గుండ్రంలో ఒక్కో మనిషిని నిలబెట్టారు. మాస్కు ముక్కు మీద నుంచి జారిపోతుంటే అమ్మ దాన్ని పైకి లాక్కుంటూ, ముందున్నావిడతో కొబ్బరికాయ రేటు గురించి మాట్లాడుతూ మొత్తానికి లోపలికి వెళ్లింది. వేలికి సిరా పెట్టించుకుంది, కాగితం తీసుకుంది, అట్ట చాటుకి వెళ్లి ముద్ర గుద్దింది, మడతపెట్టి డబ్బాలో వేసింది. వేసి బయటికి రాకుండా మళ్లీ టేబుల్ దగ్గరికే వెళ్లి నిలబడింది.

"రెండోది ఇవ్వమ్మా."

పోలింగ్ డ్యూటీలో ఉన్న అమ్మాయికి అర్థం కాలేదు. "రెండోది ఏంటండీ?"

"మేయరు కాగితం."

ఏజెంట్లుగా కూర్చున్న ముగ్గురూ ఒక్కసారిగా తలెత్తారు. పాపం ఆ అమ్మాయి నవ్వు ఆపుకుని "అది లేదమ్మా, ఒక్కటే" అంది. అమ్మ నమ్మలేదు. వెనక నిలబడ్డ నా వంక చూసి, "ఏరా, మేయరు కాగితం ఏదిరా?" అని అంత మందిలో అడిగింది. పదమ్మా బయట చెబుతా అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను.

ఆవిడ తప్పేం లేదు. 2005లో మునిసిపల్ ఎన్నికలప్పుడు ఆపరేషన్ అయి మంచం మీద ఉంది. 2014లో అక్క పురుడికని హైదరాబాద్‌లో ఉంది. అంచేత ఆవిడ బుర్రలో ఉన్న కార్పొరేషన్ ఎన్నిక 2000 నాటిది. పంచుమర్తి అనురాధ గారు ఇరవై ఆరేళ్లకే మేయర్ అయిన ఎన్నిక. అప్పుడు ఓటరుకి రెండు ఓట్లు. ఒకటి డివిజన్ కార్పొరేటర్‌కి, ఇంకోటి మొత్తం ఊరికి మేయర్‌గా ఎవరుండాలో చెప్పడానికి. ఆ రెండో ఓటు ఎప్పుడో తీసేశారని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఆమాటకొస్తే ఎవరికి మాత్రం చెప్పారు?

స్కూటర్ మీద వస్తూ అడిగింది. "మరి మేయర్ని ఎవరు ఎన్నుకుంటారు?"

"గెలిచిన కార్పొరేటర్లు."

"మన డివిజన్ అబ్బాయి నాకు తెలుసు, కాలవ తీయించమంటే తీయిస్తాడు, అందుకని వేశా. వాడు మేయర్‌గా ఎవరి పేరు చెబుతాడో నాకేం తెలుసు?"

"అతనిక్కూడా తెలీదమ్మా" అన్నాను.

ఏదో సరదాగా అన్నానుగానీ అది అక్షరాలా నిజం. ఆ సంగతే రాద్దామని కూర్చున్నాను, ఎందుకంటే 2021 మార్చి 18న కుర్చీ ఎక్కిన పాలకవర్గం గడువు లెక్క ప్రకారం 2026 మార్చి దాకానే, అది దగ్గరపడ్డప్పట్నుంచి టీకొట్ల దగ్గర 'మేయర్ని నేరుగా మనమే ఎన్నుకుంటే పీడా పోతుంది' అనే మాట నేనే నాలుగైదు సార్లు విన్నాను. నేనూ ఆ మాట చాలా ఏళ్లుగా అంటూ వచ్చినవాణ్ణే. ఇప్పుడు సగమే అంటున్నాను.

ముందు కథ చెప్పాలి. బెజవాడ 1888 నుంచి మునిసిపాలిటీ. 1981లో కార్పొరేషన్ అయింది. మొదటి మేయర్ సీపీఐ నాయకుడు టి. వెంకటేశ్వరరావు గారు. తర్వాత ఎన్టీఆర్ ప్రభుత్వంలో చట్టం మార్చి మేయర్లని, మునిసిపల్ ఛైర్మన్లని జనమే నేరుగా ఎన్నుకునే పద్ధతి తెచ్చారు. 1987లో అలా గెలిచింది జంధ్యాల శంకర్ గారు. 1995లో మళ్లీ వెంకటేశ్వరరావు గారు, 2000లో అనురాధ గారు. మూడు ఎన్నికలు. 2005 నాటికి కాంగ్రెస్ ప్రభుత్వం వచ్చింది, పద్ధతి మళ్లీ మారింది, రెండో ఓటు పోయింది. ఆ అయిదేళ్లలో మన మేయర్ కుర్చీలో ముగ్గురు కూర్చున్నారు. ముగ్గురూ ఆడవాళ్లే, అది సంతోషమే, కానీ ఒకరి పేరు నోటికి అలవాటయ్యేలోపు ఇంకొకరు వచ్చేవారు. 2010లో గడువు అయిపోయాక నాలుగేళ్లు స్పెషల్ ఆఫీసర్ పాలన. 2014 నుంచి 2019 దాకా రాష్ట్రంలో ఉన్నది నేరుగా ఎన్నుకునే పద్ధతి తెచ్చిన పార్టీయే, అయినా ఆ పద్ధతి వెనక్కి రాలేదు. 2019 తర్వాత వచ్చినవాళ్లు మేయర్ ఎన్నిక పద్ధతి జోలికి పోలేదు గానీ రెండో డిప్యూటీ మేయర్ అని ఒక పదవి కొత్తగా పుట్టించారు. అడగందే అమ్మయినా పెట్టదంటారు, ఇది మాత్రం అడక్కుండానే పెట్టారు.

కాబట్టి ఇది ఒక పార్టీ మీద రాసే పోస్టు కాదు, కామెంట్లలో కొట్టుకోకండి.

ఇక ఇప్పటి పద్ధతి ఎలా నడుస్తుందంటే, గెలిచిన కార్పొరేటర్లంతా ఒక రోజు కౌన్సిల్ హాల్లో కూర్చుంటారు. ప్రమాణస్వీకారాలవుతాయి. పదవిని బట్టి వచ్చే ఎక్స్ అఫిషియో సభ్యులుగా ఎమ్మెల్యేలు, ఎంపీ కూడా వచ్చి కూర్చుంటారు, వాళ్లకీ ఓటుంటుంది. ఒకరు పేరు చెబుతారు, ఇంకొకరు బలపరుస్తారు, చేతులెత్తమంటారు. రహస్య ఓటు కాదు, అందరి ముందూ చెయ్యెత్తడమే. పైగా పార్టీ విప్ ఉంటుంది, ధిక్కరిస్తే సభ్యత్వమే పోయే ప్రమాదం. ఎవరి పేరు చెప్పాలో చాలాసార్లు ఆ రోజు పొద్దున్న సీల్డ్ కవర్లో వస్తుంది. 2021లో విజయవాడలో 64 డివిజన్లు, వైసీపీకి 49, టీడీపీకి 14, సీపీఎంకి 1. టీడీపీ తన మేయర్ అభ్యర్థి ఎవరో ముందే ప్రకటించింది. గెలిచిన పార్టీ మేయర్ ఎవరన్నది మాత్రం ఫలితాలొచ్చాకే తేలింది. అలా మేయర్ అయిన రాయన భాగ్యలక్ష్మి గారి మీద నాకే ఫిర్యాదూ లేదు, నేను మాట్లాడేది పద్ధతి గురించి. ఆవిడ నిలబడ్డ 46వ డివిజన్ వాళ్లు తప్ప మిగతా 63 డివిజన్లలో ఒక్కరంటే ఒక్కరు కూడా ఆవిడ పేరు మీద ముద్ర గుద్దలేదు, ఆవిడ వద్దనీ గుద్దలేదు.

అదే మా అమ్మమ్మ వాళ్ల ఊరికెళ్లండి, ఎనిమిది వందల గడప లేని పంచాయతీ, అక్కడ సర్పంచ్‌ని జనమే ఎన్నుకుంటారు. వార్డు మెంబర్‌కి ఒక ఓటు, సర్పంచ్‌కి ఒక ఓటు. పది లక్షల పైచిలుకు జనాభా ఉన్న బెజవాడకి ఆ భాగ్యం లేదు. ఇంత పెద్ద ఊరి వాళ్లకి తమ పెద్దని ఎంచుకునే తెలివి లేదనుకున్నారేమో.

గుంటూరు సంగతి ఇంకా చిత్రం. అక్కడ 2010లో పాలకవర్గం గడువు ముగిశాక మళ్లీ ఎన్నికలు జరిగింది 2021లోనే. అంటే పదకొండేళ్ల దాకా కార్పొరేటర్ అనేవాడే లేడు. మా బావమరిది వాళ్లది అరండల్‌పేట, వాడి కొడుకు ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా వచ్చాడు, ఊరికి మేయర్ లేడు. సరే 2021లో 57 డివిజన్లకి ఎన్నికలైతే వైసీపీకి 44 వచ్చాయి. 44! ఇక ఎవడు కదిలిస్తాడు అనుకుంటాం కదా. అప్పటి చట్టంలో నాలుగేళ్ల దాకా మేయర్ మీద అవిశ్వాసం పెట్టకూడదని ఉంది. 2025 మార్చికి ఆ నాలుగేళ్లూ నిండాయి. ఆలోపు 2024లో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది, కార్పొరేటర్లలో చాలామంది కండువాలు మారాయి. గుంటూరు మేయర్ రాజీనామా చేశారు, ఏప్రిల్ నెలాఖరుకి టీడీపీ నుంచి కోవెలమూడి రవీంద్ర గారు మేయర్ అయ్యారు. అదే నెలలో విశాఖలో అవిశ్వాసం నెగ్గి అక్కడి మేయర్ దిగిపోయారు. రెండు మహానగరాల పెద్దలు మారారు. మధ్యలో ఓటరు ఒక్కసారి కూడా బూత్ మొహం చూడలేదు.

అప్పుడు బావమరిది ఫోన్ చేసి "ఏంటి బావా, మా మేయర్ మారిపోయాడంట, టీవీలో చూశా" అన్నాడు. తన ఊరి మేయర్ మారిన సంగతి టీవీలో చూసి తెలుసుకున్నాడు, పక్క రాష్ట్రం వార్తలాగా. ఇంతకుముందు ఇటువైపు ఉన్నవాళ్లు కూడా ఇదే పని చేశారు, రేపు అటువైపు వచ్చినా ఇదే చేస్తారు. నలభై, యాభై మంది చేతుల్లో పెట్టిన నిర్ణయం కాబట్టి ఆ నలభై మందిని పట్టుకుంటే చాలు. బస్సెక్కించి ఏ రిసార్టుకో తీసుకెళ్లొచ్చు. పది లక్షల మందిని ఏ బస్సు ఎక్కిస్తారు?

ఇక్కడిదాకా నా వాదన బాగానే ఉంది కదా. నేనూ అలాగే అనుకుంటూ బీసెంట్ రోడ్డు పక్క సందులో ఒక హోటల్లో మా బాబాయ్ ముందు ఇదంతా ఏకరువు పెట్టాను. బాబాయ్ ఒక మునిసిపాలిటీలో సీనియర్ అసిస్టెంట్‌గా రిటైరయ్యాడు, ఏ మునిసిపాలిటీ అన్నది వద్దు. ముప్ఫై ఏళ్లకి పైగా ఫైళ్లు మోసిన మనిషి. నేను చెప్పిందంతా విన్నాడు, ఇడ్లీ పూర్తిచేశాడు, చెయ్యి కడుక్కొచ్చాడు. టిఫిన్ బిల్లు తిరగేసి నా జేబులో పెన్ను లాక్కున్నాడు.

"మీ వీధిలో సైడు కాలవ కట్టాలి. చెప్పు, ముందు ఎవరొస్తారు?"

"ఏఈ, అసిస్టెంట్ ఇంజనీరు."

బిల్లు వెనక కింద మూల 'ఏఈ' అని రాసి బాణం గీశాడు. "అతను ఎస్టిమేట్ వేస్తాడు. అతని పై ఇంజనీరు డీఈ చూస్తాడు." ఇంకో బాణం. "ఆ పై ఇంజనీరు ఈఈ. పెద్ద పనైతే ఇంకా పైనున్న ఎస్ఈ. పక్కన అకౌంట్స్ వాళ్లు బడ్జెట్‌లో పద్దు ఉందో లేదో రాస్తారు. పైన కమిషనర్. టెండర్ పిలిచేది కమిషనర్ పేరు మీద, అగ్రిమెంట్ కమిషనర్ పేరు మీద. పనయ్యాక కొలతల పుస్తకం, అదే ఎం-బుక్, రాస్తారు, మళ్లీ ఇదే మెట్లు, చెక్కు మీద సంతకం మళ్లీ ఆయన దగ్గరికే." బాణాలతో బిల్లు నిండిపోయింది, సాంబారు మరక ఉన్నచోట సిరా పాకింది. అప్పుడు పెన్ను నా చేతిలో పెట్టి, "ఇందులో మీ మేయరెక్కడో గుర్తుపెట్టు" అన్నాడు.

నేను పైన ఎక్కడో పెట్టబోయాను.

"అక్కడ కాదు. శిలాఫలకం మీద."

మరీ అన్యాయంగా మాట్లాడకు బాబాయ్ అన్నాను. ఆయన కొంచెం తగ్గాడు. కార్పొరేటర్లలో కొందరితో స్టాండింగ్ కమిటీ ఉంటుంది, కొంత మొత్తం దాకా మంజూరు దాని చేతిలో, అంతకుమించితే కౌన్సిల్, ఇంకా పెద్దదైతే ప్రభుత్వం. కౌన్సిల్ అజెండా మేయర్ చేతిమీదుగా నడుస్తుంది, తీర్మానం ఆమోదించకపోతే పని ఆగుతుంది. అంటే ఆపగలిగే శక్తి ఉంది, చేయించే శక్తే తక్కువ. 1955 నాటి హైదరాబాద్ కార్పొరేషన్ చట్టమే మన కార్పొరేషన్లకీ ఆధారం, అందులో అధికారులు మూడు రకాలు: కౌన్సిల్, స్టాండింగ్ కమిటీ, కమిషనర్. కార్యనిర్వహణ అధికారం మూడో ఆయనది. మేయర్ కౌన్సిల్‌కి అధ్యక్షుడు మాత్రమే. ఆ మూడో ఆయన్ని పంపేది, మార్చేది రాష్ట్ర ప్రభుత్వం. జీవో వస్తుంది, వచ్చినాయన చార్జి తీసుకుంటాడు, పోయేటాయనకి కౌన్సిల్ శాలువా కప్పుతుంది. కౌన్సిల్ చేసిన తీర్మానం నచ్చకపోతే దాన్ని పక్కన పెట్టించే దారి కూడా ప్రభుత్వం దగ్గర ఉంది.

బాబాయ్ ఒక మునిసిపల్ ఛైర్మన్ గురించి చెప్పాడు. పేరున్న కుటుంబం, వెనక పెద్ద మెజారిటీ. కమిషనర్ ఛాంబర్ బయట, బిల్ కలెక్టర్లు కూర్చునే బల్ల మీద ఇరవై నిమిషాలు కూర్చున్నాడట, లోపల వీడియో కాన్ఫరెన్స్ జరుగుతోందని. అటెండర్ వచ్చి "సార్, టీ తాగుతారా" అని అడిగితే, "నా ఛాంబర్లో ఉన్నప్పుడు అడగవేంట్రా" అన్నాడట. ఆ మాట చెప్పి బాబాయ్ చాలాసేపు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మన దుర్గమ్మ గుడిలోనైనా, ఏ గుడిలోనైనా చూడండి, మాడవీధుల్లో ఊరేగేది ఉత్సవమూర్తి, గర్భగుడి దాటి కదలంది మూలవిరాట్టు. మనం ఇన్నాళ్లూ మేయర్ అనే ఉత్సవమూర్తిని ఎలా ఎంపిక చెయ్యాలా అని కొట్టుకుంటున్నాం.

ఇంటి పన్ను సంగతే తీసుకోండి. 2021 నుంచి అద్దె విలువ మీద కాకుండా ఆస్తి విలువ మీద పన్ను వేసే పద్ధతి వచ్చింది. మా వీధి వాళ్లంతా కార్పొరేటర్ మీద పడ్డారు. పాపం అతనేం చేస్తాడు, ఆ చట్టం చేసింది అసెంబ్లీ. వార్డు సచివాలయాలు వచ్చాయి, అందులో ఉద్యోగులున్నారు, వాళ్లు జవాబు చెప్పేది పైఅధికారులకి, కార్పొరేటర్‌కి కాదు. 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చి పన్నెండో షెడ్యూల్‌లో 18 అంశాలు రాసిపెట్టింది, తాగునీరు, రోడ్లు, పట్టణ ప్రణాళిక, మురికివాడల అభివృద్ధి, ఇలా. అవన్నీ మునిసిపాలిటీలకి 'ఇవ్వవచ్చు' అని ఉంది, 'ఇవ్వాలి' అని లేదు. అలాగే ఛైర్మన్‌నో మేయర్‌నో ఎలా ఎన్నుకోవాలన్నది కూడా రాష్ట్రం ఇష్టానికే వదిలేసింది. అంచేత ప్రభుత్వం మారినప్పుడల్లా పద్ధతి మారుతుంది. ఒక్క మన దగ్గరే కాదు. తమిళనాడులో 1996లో నేరుగా ఎన్నిక, చెన్నైకి స్టాలిన్ అలాగే మేయర్ అయ్యారు. 2006లో తీసేశారు, 2011లో మళ్లీ తెచ్చారు, తర్వాత మళ్లీ తీసేశారు. మధ్యప్రదేశ్‌లో 2019లో తీసేసి, ప్రభుత్వం మారాక 2022లో మళ్లీ పెట్టారు. ఎవరికి ఎప్పుడు ఏది లాభమైతే అది. పిల్లలు క్రికెట్ ఆడుతూ ఔటైనప్పుడల్లా రూలు మార్చినట్టు.

నేరుగా ఎన్నుకుంటే అంతా బాగుంటుందా అంటే, సిమ్లా సంగతి చెప్పాలి. 2012లో అక్కడ జనం మేయర్, డిప్యూటీ మేయర్ ఇద్దర్నీ నేరుగా ఎన్నుకున్నారు, ఇద్దరూ సీపీఎం. కౌన్సిల్లో మాత్రం ఆ పార్టీకి వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. బండికి ముందొక ఎద్దు, వెనకొక ఎద్దు కట్టినట్టు అయిదేళ్లు నడిచింది. తర్వాతి ఎన్నికల నాటికి పాత పద్ధతికే వెళ్లిపోయారు. ఇప్పటి మన పద్ధతిలో ఆ ఇబ్బంది ఉండదు, మేయర్ వెనక మెజారిటీ ఉంటుంది కాబట్టి బడ్జెట్ పాసవుతుంది. ఇది చిన్న విషయమేం కాదు, నేరు ఎన్నిక కావాలనేవాళ్లు (నాతో సహా) దీన్ని తేలిగ్గా దాటేస్తుంటాం.

ఇంగ్లండ్‌లోనూ ఈ గొడవ ఉంది, అక్కడి సంగతి నాకు భలే నచ్చింది. హార్ట్‌పూల్ అని ఒక చిన్న ఊరు. 2002లో మొదటిసారి నేరుగా మేయర్ ఎన్నిక పెడితే, అక్కడి ఫుట్‌బాల్ క్లబ్బులో కోతి వేషం వేసుకుని గంతులేసే కుర్రాడు నిలబడ్డాడు. బడిపిల్లలకి అరటిపళ్లు ఉచితం అని హామీ. గెలిచేశాడు! అందరూ తల పట్టుకున్నారు. కానీ అతను వేషం తీసేసి పని మొదలుపెట్టి, ఇంకో రెండుసార్లు కూడా గెలిచాడు. చివరికి 2012లో ఆ ఊరి జనాన్నే అడిగారు, మేయర్ పద్ధతి ఉంచాలా తీసెయ్యాలా అని. తీసెయ్యమన్నారు. తీసేశారు. బ్రిస్టల్‌లో అయితే 2012లో మేయర్ కావాలని ఓటేశారు, పదేళ్లు చూశారు, 2022లో వద్దని ఓటేశారు, 2024 నుంచి కౌన్సిల్ కమిటీలే ఊరు నడుపుతున్నాయి. 2012లో ఒకే రోజు పది నగరాల్లో ఈ ప్రశ్న అడిగితే తొమ్మిది వద్దన్నాయి.

వాళ్లు వద్దన్నారు కాబట్టి మనకీ వద్దు అని కాదు. వాళ్ల దగ్గర చూడాల్సింది అడగడం. పద్ధతి పెట్టేటప్పుడూ అడిగారు, తీసేసేటప్పుడూ అడిగారు. మన దగ్గర 1987కి ముందు ఎవరూ అడగలేదు, 2005కి ముందూ అడగలేదు. అమ్మకి రెండో కాగితం ఇచ్చినప్పుడు ఎవరిచ్చారో తెలీదు, లాగేసుకున్నప్పుడు ఎవరు లాక్కున్నారో తెలీదు.

మరి ఏ పార్టీ వచ్చినా ఆ రెండో ఓటు ఎందుకు తిరిగి ఇవ్వదు? నా లెక్క చెబుతాను, కాదంటే కొట్టిపారెయ్యండి. విజయవాడలో అసెంబ్లీ సీట్లు మూడు, తూర్పు, సెంట్రల్, పశ్చిమ. నేరుగా గెలిచిన మేయర్ అంటే ఆ మూడు నియోజకవర్గాల ఓటర్లనీ అడిగి గెలిచిన మనిషి. ముగ్గురు ఎమ్మెల్యేల్లో ఏ ఒక్కరికన్నా పెద్ద ఓటు బలం. అలాంటి మనిషి ఊళ్లో తిరుగుతుంటే ఏ ఎమ్మెల్యేకి నిద్ర పడుతుంది? ఇవాళ మేయర్, రేపు ఎమ్మెల్యే టికెట్, ఎల్లుండి మంత్రి. అదే కార్పొరేటర్ల చేతుల మీదుగా మేయర్ అయితే, ఆ కార్పొరేటర్‌కి పార్టీ టికెట్ కాగితం, అదే బీ-ఫారం, ఇప్పించింది ఎమ్మెల్యేయే కాబట్టి లెక్క సరిపోతుంది. ఏ పార్టీ అయినా చట్టం చెయ్యాల్సింది ఆ ఎమ్మెల్యేలే. తన కాలు తనే నరుక్కునేవాడు ఎవడుంటాడు!

అందుకే నేను సగమే అంటున్నాను అన్నది. రెండో ఓటు ఒక్కటే తిరిగి ఇస్తే, రేపు మేయర్‌గా పది లక్షల మంది ఊరంతా తిరిగి ఓట్లడిగినాయన కూడా అదే బల్ల మీద ఇరవై నిమిషాలు కూర్చుంటాడు. ఇంకా ఘోరం, ఎందుకంటే ఇప్పుడు అంటే 'నన్ను జనం ఎన్నుకోలేదు కదా' అని సర్దుకోవచ్చు, అప్పుడు తిట్లన్నీ ఆయనకి, సంతకాలన్నీ ఇంకొకరికి. దానికన్నా ముందు కావల్సింది ఆ బిల్లు వెనక బాణాల్లో మేయర్‌కి ఒక గడి. కోల్‌కతాలో 1980ల నుంచి మేయర్-ఇన్-కౌన్సిల్ అని ఉంది, మేయర్ తన జట్టుని ఎంచుకుంటాడు, ఒక్కొక్కరికి ఒక్కో శాఖ, నీళ్లొకరికి, చెత్త ఒకరికి, రోడ్లొకరికి, మంత్రివర్గం లాగా. కమిషనర్ ఉంటాడు, పని చేసేది ఆయనే, కానీ చెప్పేది వీళ్లు. అక్కడ మేయర్‌ని ఎన్నుకునేది కౌన్సిలర్లే, అయినా ఆ కుర్చీకి బరువుంది. మధ్యప్రదేశ్‌లో అయితే నేరు ఎన్నికా ఉంది, మేయర్-ఇన్-కౌన్సిలూ ఉంది. ఇండోర్ శుభ్రత గురించి మన వాళ్లు ఊరికే చెప్పుకుంటారుగా, ఆ ఊళ్లో ఉన్నది అదే ఏర్పాటు. ఊరి శుభ్రతకి అదొక్కటే కారణమని నేననను, కానీ చూసి రావడానికి స్టడీ టూర్లు వెళ్లే మన కార్పొరేటర్లు చెత్త బండ్లతో పాటు దీన్ని కూడా చూసి వస్తే బాగుండేది.

మధ్యప్రదేశ్‌లో ఇంకోటి ఉంది. మేయర్ నచ్చకపోతే మధ్యలో వెనక్కి పిలిచే ఓటు. ఆ ఓటులో గుర్తులు రెండే, ఖాళీ కుర్చీ, మనిషి కూర్చున్న కుర్చీ. ఖాళీ కుర్చీకి ఎక్కువ పడితే ఆయన ఇంటికి. గుంటూరు, విశాఖల్లో 2025లో జరిగింది ఇలా జరిగి ఉంటే ఎవరు గెలిచినా నాకు అభ్యంతరం ఉండేది కాదు. మా బావమరిది కనీసం టీవీలో చూసి తెలుసుకునేవాడు కాదు, లైన్లో నిలబడి తెలుసుకునేవాడు.

అడగాలంటే ఈ క్రమంలో అడుగుతాను. మొదట కమిషనర్ పని తీరు మీద కౌన్సిల్‌కి మాట చెల్లాలి, కనీసం ఆయన్ని ఏడాదిలోపే బదిలీ చెయ్యాలంటే కౌన్సిల్ ముందు కారణం పెట్టాలి. తర్వాత మేయర్‌కి జట్టు. ఆ తర్వాత రెండో ఓటు. ఈ మూడింట్లో ఏది మార్చినా ఆ ఊరి ఓటర్లని అడిగి మార్చాలి. బాబాయ్‌కి ఇది చదివి వినిపిస్తే, "మొదటిది అవ్వదు, రెండోది అవ్వనివ్వరు, మూడోది మాత్రం ఏదో ఒక ఎన్నికలముందు ఇచ్చేస్తారు, ఖర్చు లేదుగా" అన్నాడు. ఆయన మాట నిజమైతే మనకి మిగిలేది ఒక కాగితం, ఒక ముద్ర. అయినా ఇస్తే తీసుకుంటాను, అబద్ధం ఎందుకు.

ఆ టిఫిన్ బిల్లు ఇంటికి తెచ్చుకున్నాను. అమ్మ చూసి, "ఇదేంట్రా, పెళ్లి చూపులకి మ్యాపు గీసినట్టు" అంది. కూర్చోబెట్టి బాణాలన్నీ చెప్పాను, ఏఈ, డీఈ, ఈఈ, కమిషనర్. ఓపిగ్గా విన్నది. చివర్లో, "అయితే ఈయనకి ఎప్పుడు ఓట్లు?" అని పైనున్న పేరు మీద వేలు పెట్టింది. ఆయనకి ఓట్లుండవమ్మా అన్నాను. కళ్లజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంటూ, ఈసారి ఎన్నికలకి ఎన్ని కాగితాలు ఇస్తారో ముందే కనుక్కోమంది. ఒక్కటే అయితే తను రాదట. వస్తుందిలెండి, వచ్చేటప్పుడు దారిలో పెసరట్టు తినిపిస్తానంటే.